అరబిక్ ఇంటెన్సివ్ కోర్సు: అమ్మానా, కైరోనా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

మెతుకుసీమ:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఎమ్మే అరబిక్ చేశాను. పేపర్ చదువుతాను, వ్యాకరణం పర్లేదు, నోరు తెరిస్తే మాత్రం ఒక్క ముక్క రాదు. అనువాదాలు చేసి దాచుకున్న డబ్బుతో నాలుగు నెలలు బయట చదువుదామని ఉంది. వారానికి ఇరవై గంటల క్లాసుల కోర్సు చూస్తున్నా. ఊరు తేల్చుకోలేకపోతున్నా. ఇంకోటి, ఫుస్‌హా (పుస్తకాల అరబిక్) ఒక్కటే తీసుకుంటే చాలా, అమ్మియా (జనం మాట్లాడే వాడుక భాష) కూడా కావాలా?

గోదారి_గాలి:
2019లో ఐదు నెలలు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఉన్నానండి. ఫుస్‌హా ఒక్కటే తీసుకున్నాను. ఎంత తప్పు చేశానో మూడో రోజే తెలిసింది. వీధి చివర కొట్లో పెరుగు, రొట్టె కొని ఐదు దినార్ల నోటిచ్చాను. కొట్టతను చిల్లర ముందు పెట్టి "ఇల్‌బాగి" అన్నాడు. నాకర్థం కాలేదు. ఇంకోసారి అన్నాడు. ఈసారి బాకీ అన్నట్టు వినిపించింది. అయ్యో, ఇంకా ఇవ్వాలేమో అని మళ్ళీ పర్సు తీశాను! పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఒకటే నవ్వు. అది మన బాకీయే. కాకపోతే అక్కడ బాకీ అంటే మిగిలినది, అంటే నాకు రావాల్సిన చిల్లర. పుస్తకంలో ఆ మాటకి ఖాఫ్ అనే అక్షరం ఉంటుంది, గొంతు లోపలి నుంచి పలికే "క" లాంటిది. కొట్టతను దాన్ని "గ" అన్నాడు. మా టీచర్‌గారు ఇంటి దగ్గర మాట్లాడితే ఆ అక్షరం గొంతులోనే ఆగిపోయి "ఇల్‌బాఇ" అయ్యేది. కాబట్టి రెండూ తీసుకోండి. పొద్దున ఫుస్‌హా, మధ్యాహ్నం అమ్మియా ఉండే కోర్సయితే మంచిది.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. దినార్‌ని డాలర్‌కి కట్టేశారు, ఒక దినార్ అంటే సుమారు 1.41 డాలర్లు. "టీ అర దినారే కదా" అనుకుంటూ తాగితే నెలాఖరుకి గుండె గుభేలుమంటుంది.

కడప_టు_కువైట్:
తమ్ముడూ, నాది నీకు పూర్తిగా తిరగేసిన కథ. ఆరేళ్ళు కువైట్‌లో స్టోర్‌కీపర్‌గా చేశా. అరబిక్ గడగడా మాట్లాడతానని నా నమ్మకం. కంపెనీ మానేశాక మూడు నెలలు కోర్సులో చేరా. ప్లేస్‌మెంట్ టెస్ట్‌లో మేడమ్ ఏదో అడిగితే "మాఫీ మాలూమ్" (తెలీదు) అన్నా. ఆమె పెన్ను కింద పెట్టి "ఎక్కడ పని చేశారు?" అంది! మలయాళీలు, బెంగాలీలు, మనవాళ్ళు, అరబ్బులు అందరూ కలిసి గల్ఫ్‌లో వండిన అరబిక్ అది. క్రియలకి రూపాలుండవు, ఆడా మగా ఉండదు. చదవడం అసలే రాదు కాబట్టి నన్ను అ ఆ ల క్లాసులో కూర్చోబెట్టారు. పక్కన పంతొమ్మిదేళ్ళ జర్మనీ పిల్ల. సిగ్గేసింది కానీ, బజారుకెళ్తే ఆ పిల్ల నా వెనకాలే నడిచేది. నీకు చదువు ఉంది, నాకు ధైర్యం ఉండేది. మొదటి నెల తప్పులు మాట్లాడు, ఖల్లీవల్లీ (పోతే పోనీ).

లుగత్_పిచ్చి:
2011కి ముందు ఈ ప్రశ్న వేసుంటే అందరం సిరియాలోని డమాస్కస్ అనేవాళ్ళం. నేనూ అక్కడే మొదలుపెట్టాను. యుద్ధం వచ్చాక విద్యార్థుల్లో చాలామంది అమ్మాన్‌కి మళ్ళారు. తర్వాత నేను కైరోలో ఉన్నాను. 2024 మార్చిలో ఈజిప్ట్ పౌండ్ విలువ బాగా పడిపోయింది కాబట్టి మనకి ఇంటి అద్దె, తిండి తేలిక. కానీ ఫీజు డాలర్లలో అడుగుతారేమో ముందే కనుక్కోండి. అక్కడ జీమ్ అనే "జ" అక్షరాన్ని "గ" అంటారు, జమీల్ గమీల్ అవుతుంది. పోతే ఈజిప్ట్ సినిమాల పుణ్యమా అని ఆ యాస అరబ్బు దేశాలన్నిటా అర్థమవుతుంది. మొరాకో వాడుక భాష దారిజా నేర్చుకుంటే ఆ సుఖం ఉండదు.

చిన్న పిచ్చి విషయం. మన "కితాబు ఇచ్చాడు"లోని కితాబు పుస్తకం కాదు. అది ఖితాబ్, ఉర్దూలో బిరుదు, అరబిక్‌లో ప్రసంగం. రెంటి ధాతువులూ వేరు. ధాతువు ప్రకారం నిఘంటువు తిరగేయడం అలవాటైతే ఇలాంటివి రోజుకి పది దొరుకుతాయి, హోంవర్క్ మాత్రం అవదు.

బార్కస్_పోరడు:
మా తాతల తాతలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులో చేరడానికి వచ్చారు. ఇంట్లో మాత్రం ఇప్పుడు దక్కనీ ఉర్దూయే. మెతుకుసీమ భాయ్, హైదరాబాద్‌లో చదివావు కదా, ఒక జాగ్రత్త. మనం ఖాఫ్‌ని ఖా అనే ఇంకో అక్షరం చేసేస్తాం. "చెప్పాడు" అనబోతే "మేనమామ" అవుతుంది. నేను రెండు వారాలు మేనమామలతోనే కథలు చెప్పా. తెలుగు వచ్చినవాళ్ళకి లాభం కూడా ఉంది. ద్విత్వాలు, దీర్ఘాలు మనకి లెక్కే కాదు. దరస అంటే చదివాడు, దర్రస అంటే చదువు చెప్పాడు. మా క్లాసులో అమెరికా వాళ్ళు దానికి చెమటలు కక్కేవాళ్ళు.

మెతుకుసీమ:
అందరికీ థ్యాంక్స్. మేనమామ చదివి ఇక్కడ ఒక్కడినే నవ్వుకున్నా. అమ్మాన్ వైపే మొగ్గుతున్నా. గదిలో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు పడితే ఎలా అని టెన్షన్.

గోదారి_గాలి:
పడతారు. మేం నలుగురం ఒప్పందం చేసుకున్నాం, ఇంగ్లిష్ మాట్లాడితే ఆ రోజు గిన్నెలు తోమాలి. ఆ ఒప్పందం వారానికే పడిపోయింది, ఎందుకంటే మా వీధికి నల్లా నీళ్ళు వారానికోసారే, మిగతా రోజులు మిద్దె మీద ట్యాంకే దిక్కు. గీజర్ రిపేరు గురించి అరబిక్‌లో ఎవరు పోట్లాడతారు? నాకు నిజంగా మాట వచ్చింది సర్వీస్ టాక్సీల్లో. మనిషికింత అని ఎక్కే షేర్ ఆటో లాంటివి. ముందు సీట్లో కూర్చుంటే డ్రైవర్ వదలడు, ఏ ఊరు, పెళ్ళైందా, జీతమెంత, అన్నీ అడుగుతాడు. రోజూ అవే ప్రశ్నలు, జవాబులు వాటంతటవే నున్నబడతాయి. చలికాలం వెళ్తుంటే సోబా ఉన్న గది చూసుకోండి, అదే వాళ్ళ హీటర్.

కడప_టు_కువైట్:
ఇంకోటి. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున్నే క్లాసు. మొదటి ఆదివారం నేను పడుకునే ఉన్నా.