ఫ్లాట్‌లో థర్మోస్టాట్ ఎక్కడ పెట్టాలి: కారిడార్‌లోనా, హాల్లోనా, పడకగదిలోనా?

లీడ్స్_వాసి:
మాది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో రెండు పడకగదుల ఫ్లాట్. గ్యాస్ కాంబి బాయిలర్, అది కాచిన నీళ్లతో గదిని వెచ్చబరిచే రేడియేటర్ ప్రతిచోటా ఒకటి. తానున్న చోటి వేడిని బట్టి బాయిలర్‌ను వెలిగించి ఆపే థర్మోస్టాట్, పాతది, వీధి తలుపు పక్కన, కారిడార్ గోడకు ఉండేది. అది పాడైతే వైర్‌లెస్‌ది కొన్నాం. ప్రస్తుతానికి అక్కడే స్టాండ్ మీద ఉంది, అక్కడే గోడకు బిగిద్దామని మావారు అంటున్నారు. నేను ఉత్తరం వైపు చిన్న గదిలో కూర్చుని రోజంతా ఆఫీసు పని చేస్తాను. కారిడార్‌లో 17 డిగ్రీలు చూపిస్తుంటే నా బల్ల మీది థర్మామీటర్ 14 చూపిస్తోంది. టైపు చేస్తుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఎక్కడ పెడితే మంచిదో చెప్పండి.

బాయిలర్_మెకానిక్:
కారిడారే సరైన చోటు. నేల నుంచి మీటరున్నర ఎత్తున, లోపలి గోడకు పెట్టాలి. ఎండ పడకూడదు, కింద రేడియేటర్ ఉండకూడదు, తలుపు సందులోంచి గాలి నేరుగా తగలకూడదు కాబట్టి వీధి తలుపుకు కాస్త దూరం జరపండి. పొయ్యి వేడి, టీవీ వేడి, మనుషుల ఒంటి వేడి సోకని చోటు ఇంట్లో అదొక్కటే. అన్నిటికంటే ముఖ్యం, థర్మోస్టాట్ ఉన్న చోటి రేడియేటర్‌కు అంకెల వాల్వు, అంటే పెట్టిన అంకెకు తగ్గ వేడి రాగానే ఆ రేడియేటర్‌ను మూసేసేది, ఉండకూడదు. ఉంటే పూర్తిగా తెరిచి ఉంచాలి. వాల్వు ముందే మూసుకుపోతే థర్మోస్టాట్ అడిగిన వేడి అక్కడికి చేరదు, బాయిలర్ ఆగదు. మీ కారిడార్ రేడియేటర్‌కు వాల్వు ఉందా?

ఎడిన్‌బరో_అమ్మమ్మ:
మెకానిక్ గారూ, కారిడార్‌లో ఎవరు కూర్చుంటారండీ? చెప్పులు విప్పి దాటిపోయే చోటది. మా అమ్మాయి పురుడుకు వచ్చినప్పుడు చూశాను. వాళ్లింట్లో ఆ యంత్రం హాల్లో ఉంది. సాయంత్రమైతే అందరం అక్కడే, వంటా అక్కడే. ఆ వేడికి ఇక చాలనుకుని అది బాయిలర్ ఆపేసేది. లోపల బాలింత, పసిబిడ్డ పడుకున్న గదిలో తెల్లవారేసరికి కిటికీ అద్దం మీద నీళ్లు కారేవి. మంచం వెనక మూలలో నల్లగా బూజు పట్టింది. మనుషులు పడుకునే చోట, పని చేసుకునే చోట పెట్టాలి.

బాయిలర్_మెకానిక్:
మీ అనుభవం హాల్లో పెట్టవద్దని చెబుతోంది, కారిడార్ వద్దని కాదు. పైగా పసిబిడ్డ గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ చెబుతుంది. గది మరీ వెచ్చగా ఉండటమే బిడ్డకు ప్రమాదం. లీడ్స్ గారూ, వాల్వు సంగతి చెప్పలేదు.

ఎడిన్‌బరో_అమ్మమ్మ:
బిడ్డ సంగతి ఒప్పుకుంటాను, పెద్దవాళ్ల సంగతేమిటి? ఇంట్లో 18కి తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, వయసు మళ్లినవాళ్లకు అంతకంటే ఎక్కువ అవసరం కావచ్చనీ చెప్పింది. ఖమ్మం ఎండల్లో పెరిగిన ఒళ్లు మాది.

స్వాన్సీ_రాజు:
వైర్‌లెస్‌కు గోడ ఎందుకు? స్టాండ్‌తో సహా గది మార్చి చూడండి.

బాయిలర్_మెకానిక్:
పడకగదిలో పెడితే, అక్కడ ఒక్కరు వెచ్చగా ఉండటానికి బాయిలర్ ఇల్లంతటికీ మండుతుంది. నేను పనికి వెళ్లే ఇళ్లలో చూస్తుంటాను, బిల్లు కట్టనివాళ్లే ఎప్పుడూ ఆ గది అడుగుతారు.

ఎడిన్‌బరో_అమ్మమ్మ:
బిల్లు కట్టనివాళ్లా! పగలంతా వంట చేసి, రాత్రంతా బిడ్డను భుజాన వేసుకుని తిరిగినవాళ్లకు రెండు డిగ్రీలు అడిగే హక్కు లేదా? మా అల్లుడు కూడా ఇంత మాట అనలేదు. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని ఊరుకున్నాను, నోరు తెరిచి అడిగితే అమ్మాయి కాపురంలో మాట వస్తుందని.

లీడ్స్_వాసి:
అమ్మా, నేను బిల్లులో సగం కడుతున్నాను. అయినా నా సంగతీ అదే. నేను కారిడార్‌లోకి వెళ్లి 20కి పెంచుతాను. ఆయన ఆఫీసు నుంచి ఫోనులో చూసి మళ్లీ 17కు దించేస్తారు. ఆ యాప్ ఆయన ఫోనులోనే ఉంది. గోడ గురించి ఇక్కడ అడిగాను గానీ, ఇంట్లో జరుగుతున్న గొడవ ఇదే.

బాయిలర్_మెకానిక్:
అమ్మగారూ, నేను ఎందుకంత పట్టుబడుతున్నానో చెబుతాను. చదువుకునే రోజుల్లో లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటాయన థర్మోస్టాట్‌ను తన గదిలో పెట్టుకుని దానికి తాళం పెట్టె బిగించాడు. ఆయన గది వెచ్చబడగానే మా అందరికీ ఆగిపోయేది. కోటు వేసుకుని పడుకునేవాళ్లం. అందుకే ఎవరి గదీ కాని చోట ఉండాలంటాను.

ఎడిన్‌బరో_అమ్మమ్మ:
ఎవరి గదీ కాని చోట పెడితే ఎవరి చలీ దానికి తెలియదు బాబూ. మీ ఇంటాయన చేసిందీ, ఈ అమ్మాయి ఇంట్లో జరుగుతున్నదీ ఒకటే. మీట ఒక్కరి చేతిలోనే ఉంటే యంత్రం ఎక్కడుండి ఏం లాభం?

స్వాన్సీ_రాజు:
చిన్న గది రేడియేటర్‌కు స్మార్ట్ వాల్వు పెట్టుకోవచ్చు. దాంట్లోనే సెన్సర్ ఉంటుంది, ఆ గది చల్లబడితే అదే బాయిలర్‌ను వెలిగిస్తుంది. మీ థర్మోస్టాట్‌తో కలిసి పని చేసేదేనా అని చూసి కొనండి.

బాయిలర్_మెకానిక్:
అది మంచి దారే. కారిడార్ వాల్వు సంగతి మాత్రం ఇంకా తెలియలేదు.

లీడ్స్_వాసి:
ఇప్పుడే వెళ్లి చూశాను. వాల్వు ఉంది, 3 మీద ఉంది. మొదట్లో థర్మోస్టాట్ 21 మీద పెట్టేవాళ్లం, బాయిలర్ ఆగేదే కాదు. జనవరి బిల్లు చూసి ఆయన 17కు దించారు.

బాయిలర్_మెకానిక్:
3 అంటే సుమారు 20 డిగ్రీలు. కారిడార్ 21కి చేరదు, బాయిలర్ మండుతూనే ఉంటుంది. ఆ బిల్లు మీ గది వల్ల వచ్చింది కాదమ్మా. పగలు థర్మోస్టాట్‌ను మీ గదిలోకి తీసుకెళ్లండి. అక్కడి రేడియేటర్ వాల్వు పూర్తిగా తెరవండి, మనుషులు లేని గదులవి 2కు దించండి. రాత్రి కారిడార్‌లో పెడితే అక్కడి వాల్వు 5కు తిప్పండి.

ఎడిన్‌బరో_అమ్మమ్మ:
పగలు గదిలో పెట్టమని మీరే అన్నారు, సంతోషం. అమ్మాయీ, ముందు ఆ యాప్ నీ ఫోనులోనూ పెట్టించుకో.

లీడ్స్_వాసి:
సాయంత్రం ఆయన రాగానే ఈ చర్చంతా చదివిస్తాను. థర్మోస్టాట్ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది.