అప్‌డేట్: పిడుదుల మందు వేసిన ఆవు పాల గురించి

మా జెర్సీ సంకర ఆవుకు పిడుదులు పట్టగా ఐవర్‌మెక్టిన్ సూది వేయించామనీ, ఆ పాలను కాచి పిల్లలకు పోయవచ్చా అనీ గత నెల అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మందు సీసాను పశువైద్యుడి గారికి చూపించగా, ఈ మందు కొవ్వులో కరిగే గుణం కలది కనుక ఒంట్లోని కొవ్వులో నిలిచి రోజుల తరబడి పాలలోకి దిగుతూనే ఉంటుందనీ, కాచినంత మాత్రాన నశించదనీ, మీగడలోనూ వెన్నలోనూ మరింత ఎక్కువగా చేరుతుందనీ వివరించారు. పాలు వద్దనుకుంటే నెయ్యి కాచుకోవచ్చన్న నా ఆలోచన పూర్తిగా పొరపాటు. మనుషులు తాగే పాలిచ్చే పశువులకు వాడరాదని సీసా మీద సన్నని అక్షరాలలో ఉన్నది. సూది వేసిన రోజు దానిని మాలో ఎవరమూ చదవలేదు.

పాలు వాడరాదని ఆయన చెప్పిన గడువు ముగిసేవరకు రోజుకు 8 లీటర్ల పాలు పారబోశాము. తెల్లవారుజామున పితికిన నురుగు పాలను గుంటలో పోస్తుంటే మా అమ్మ అటు చూడలేకపోయేది.

ఇప్పుడు చెవుల లోపల, పొదుగు పక్కన, తోక మొదట్లో ఉన్న పిడుదులను రోజూ చేత్తో ఏరివేస్తున్నాము. ఆడ పిడుదులు రాలి నేల సందులలో గుడ్లు పెడతాయి కనుక పాకలోని పగుళ్ళన్నీ పూడ్చి సున్నం వేశాము. ఇకమీదట ఏ మందైనా పాల గడువు అడిగిన తరువాతే వేయిస్తాము.