ఈ వారం సమస్య: "విప్పినపుడె యల్లు విద్య వచ్చు"

నిర్వాహకురాలు, తిరుపతి:

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య నా ఒళ్ళోంచే పుట్టింది.

ధనుర్మాసంలో అలిపిరి మెట్ల మీదుగా కొండకు నడిచి వెళ్ళే మా తమ్ముడికి మఫ్లర్ అల్లుతున్నాను. నలభై కుట్లతో మొదలుపెట్టాను. ముప్పై ఎనిమిదో వరుస దాకా వచ్చి ఎందుకో లెక్కపెడితే నలభై మూడున్నాయి! ఆ మూడూ ఎక్కడ వచ్చి చేరాయా అని పట్టి చూస్తే, తిరగకుట్టు (పర్ల్) నుంచి సూటికుట్టుకు (నిట్) మారేటప్పుడు దారాన్ని వెనక్కి వెయ్యడం మరిచిపోయిన చోటల్లా సూది మీద ఒక కొత్త కుట్టు పుట్టింది. సూదులు లాగేసి కొస పట్టుకుని విప్పాను. వరుస వరుసా టకటకా ఊడివస్తుంటే మొదట కడుపు తరుక్కుపోయింది. పదో వరుస దాటాక మాత్రం, ఏ కుట్టు ఏ కుట్టులోంచి వచ్చిందో మొదటిసారి నా కళ్ళకు కనిపించింది. ఈ పాదం అప్పుడు తట్టిందే.

*విప్పినపుడె యల్లు విద్య వచ్చు*

ఛందస్సు ఆటవెలది, ఇది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తి చెయ్యాలి, అదే పూరణ. కొత్తవారి కోసం మళ్ళీ చెబుతున్నాను: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణం అంటే గురు లఘువుల గుంపు), 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన. దానికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. సమస్యలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. ఊలు, నూలు, రాట్నం, తకిలి (చేత్తో తిప్పే కదురు), ఏ దారినైనా రండి.

---

తిరుచానూరు అక్క:

కుట్టు జారిపోయె, కుందితి నొక రాత్రి
వరుసలారు విప్ప వలసి వచ్చె
తప్పు మొదలు దొరికె. తల్లి నవ్వుచు పల్కె
విప్పినపుడె యల్లు విద్య వచ్చు

నాకు అల్లిక నేర్పింది మా అమ్మే. ఆమె నిజంగా అన్న మాట "విప్పు, ఏం కాదు" అని. పద్యంలో పెట్టడానికి ఇట్లా మార్చుకున్నాను.

చిత్తూరు అయ్యవారు:

అమ్మా, ఛందస్సు శుద్ధంగా ఉంది. "కుట్టు – కుందితి", "వరుస – వలసి", "తప్పు – తల్లి" యతులు మూడూ చక్కగా కుదిరాయి. సమస్యను తల్లి నోట పెట్టడంతో అది ఉపదేశంలా కాక ఇంట్లో మాటలా వినిపించింది. "తప్పు మొదలు దొరికె" అన్నది నాకు బాగా నచ్చింది. తప్పు దొరకడం వేరు, తప్పు మొదలు దొరకడం వేరు. మా తెలుగు క్లాసుల్లో కూడా పద్యం తప్పిన పిల్లవాణ్ణి మొదటి గణం నుంచి మళ్ళీ చదవమనేవాణ్ణి.

పాకాల ప్యాసింజర్:

అక్కా, పద్యం బాగుంది గానీ అల్లిక మీద ఒక డౌట్. ఒక్క కుట్టు జారితే ఆరు వరుసలూ విప్పనక్కర్లేదు కదా? జారిన కుట్టు కింద నిచ్చెన మెట్లలా అడ్డపోగులు కనబడతాయి. క్రోషా సూదితో ఒక్కో మెట్టూ పట్టి పైకి ఎక్కించవచ్చు. తిరుపతి–కాట్పాడి రైల్లో రోజూ వెళ్ళివస్తాను. పాకాల వచ్చేలోపు ఇలాంటివి రెండు మూడు సరిచేసిన రోజులున్నాయి.

తిరుచానూరు అక్క:

సాదా అల్లిక అయితే నువ్వు చెప్పిందే సరి, తమ్ముడూ. నాది లేస్ డిజైన్. మధ్యలో కావాలని వదిలిన కంతలుంటాయి, రెండేసి కుట్లు కలిపి అల్లిన చోట్లుంటాయి. అక్కడ జారితే నిచ్చెన దొరకదు, ఏ పోగు ఎవరిదో తెలియదు. అందుకే ఇప్పుడు పది వరుసలకోసారి వేరే రంగు దారం సూదికెక్కించి, కుట్లన్నిటిలోంచి గుచ్చి వదిలేస్తున్నాను. విప్పాల్సి వస్తే ఆ దారం దగ్గరికి వచ్చి ఆగిపోతుంది.

---

పుత్తూరు తకిలి:

కదురు తిరిగి తిరిగి కడు పురి యెక్కిన
నూలు తనకు తానె నులిసికొనియె
వ్రేళ్ళ పట్టు వదలి వెనుకకు తిప్పితి
విప్పినపుడె యల్లు విద్య వచ్చు

చిత్తూరు అయ్యవారు:

మొదటి రెండు పాదాలూ అద్భుతం. "తనకు తానె నులిసికొనియె" అన్నప్పుడు ఆ పోగు నా కళ్ళ ముందు మెలికలు తిరిగింది. అయితే నాయనా, ఇది వడకడం గురించిన పద్యం. సమస్యలో ఉన్నది అల్లడం. మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య అతుకు బయటికి కనిపిస్తోంది. వెనక్కి తిప్పితే నూలు సర్దుకుంటుంది, సరే. అల్లు విద్య ఎందుకు వస్తుంది?

పుత్తూరు తకిలి:

సార్, మీరన్నది నిజమే. నా మనసులో ఉన్నది పద్యంలోకి దిగలేదు. అదేమిటో చెబుతాను.

పత్తి పోగు పొట్టిది. రెండున్నర మూడు సెంటీమీటర్లు ఉంటే మంచి పత్తి అంటాం. అంత పొట్టి పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే పురి, అంటే మెలి, ఎక్కువ కావాలి. తక్కువైతే ఏకులోంచి (దూది చుట్టలోంచి) దారం సాగుతుండగానే తెగి తకిలి కిందపడుతుంది. భయపడి ఎక్కువ తిప్పితే వదులు చేసిన క్షణంలో దారం ముడుచుకుని పాములా చుట్టుకుంటుంది. అట్లాంటి ఒంటి పేట నూలుతో అల్లితే బట్ట నిటారుగా రాదు, ఒక పక్కకి వాలిపోతుంది. నేను మొదట అల్లిన చేతిగుడ్డ నలుచదరంగా రావాల్సింది, ఏటవాలుగా వచ్చింది. అల్లికలో తప్పేమోనని నాలుగుసార్లు విప్పాను. తప్పు అల్లికలో లేదు, నూలులో ఉంది.

దారి ఏమిటంటే రెండు పేటలు కలపడం. ఒంటి పేటను ఏ వైపు తిప్పామో దానికి ఎదురు వైపు తిప్పి రెంటినీ కలపాలి. అట్లా కలుపుతున్నప్పుడు ఒక్కో పేటలో ఉన్న ఎక్కువ పురి కొంత విప్పుకుంటుంది. ఆ విప్పుకోవడంలోనే రెండూ ఒకదాన్నొకటి వాటేసుకుని నిలబడతాయి. మూడో పాదం ఇట్లా మారుస్తాను:

కదురు తిరిగి తిరిగి కడు పురి యెక్కిన
నూలు తనకు తానె నులిసికొనియె
ఎదురు పురిని రెంటి నేకము చేసితి
విప్పినపుడె యల్లు విద్య వచ్చు

చిత్తూరు అయ్యవారు:

ఇప్పుడు అతికింది! "రెంటిని + ఏకము"లో ఉన్న ఏకారానికి "ఎదురు"లోని ఎకారంతో యతి, నిర్దోషం. విప్పడం అంటే అల్లినదాన్ని విప్పడమని అందరం అనుకుంటుంటే నువ్వు పురి విప్పడం అన్నావు. పూరణలో చమత్కారం అంటే ఇదే. పైగా పురి విప్పడం అనగానే నెమలి కూడా గుర్తొస్తుంది. పద్యంలో చెప్పకపోయినా ఆ మెరుపు ఉంది.

నిర్వాహకురాలు, తిరుపతి:

దీనికి ఒక మాట కలపకుండా ఉండలేను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్ళు దువ్వెనలా పనిచేసి, గింజకు అంటుకున్న పోగులను విడదీసి వరుసలో పెడతాయి. తర్వాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం. నూరో నంబరు నూలు అక్కడ తీస్తారు. అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (దారపు చుట్టలు) నూరు! అంత సన్నని దారానికి కూడా మొదటి పని పత్తిని విప్పడమే. ఎవరైనా దీని మీద పూరణ రాస్తే చదవాలని ఉంది.

---

శ్రీకాళహస్తి విద్యార్థి:

సాలె పురుగు నేసె సాంబుని కోవెల
గాలి దీప మంటి కాలిపోయె
తిరిగి పోగు దీసె దిగులు పడక తాను
విప్పినపుడె యల్లు విద్య వచ్చు

మా ఊరి పేరులో శ్రీ అంటేనే సాలెపురుగు కదా. దారం తీసే ప్రాణిని తలచుకోకుండా ఈ సమస్య దాటలేకపోయాను.

పుత్తూరు తకిలి:

"గాలి దీప మంటి కాలిపోయె" అన్న పాదం నాది కాకపోయెనే అనిపించింది.

చిత్తూరు అయ్యవారు:

గణాలు, యతులు అన్నీ సరే. రెండో పాదం నిజంగా మంచి పాదం. కానీ బాబూ, రెండు చిక్కులున్నాయి. ఒకటి, కాలిపోవడం విప్పడం కాదు. సమస్యలోని మాటకు పద్యంలో ఆధారం లేదు. రెండోది, మీ ఊళ్ళో చెప్పే కథలో గూడు కాలినప్పుడు సాలెపురుగు మళ్ళీ నేయడానికి కూర్చోదు. కోపంతో ఆ దీపాన్నే మింగబోతుంది. అప్పుడు శివుడు ప్రత్యక్షమై ముక్తి ఇస్తాడు. పురాణకథను మార్చే హక్కు కవికి ఉంది, అయితే మార్చినందుకు పద్యం లోపల కారణం కనబడాలి.

శ్రీకాళహస్తి విద్యార్థి:

ఒప్పుకుంటున్నాను సార్. ఇంటి వసారాలో ఉన్న సాలెపురుగును చూసి రాశాను, కథలోది కాదు. అది రాత్రి కట్టిన గూటిని తెల్లారేసరికి తానే చుట్టి మింగేసి, మళ్ళీ సాయంత్రానికి కొత్తది కడుతుంది. ఆ మాట పద్యంలోకి తెచ్చి ఇంకోటి రాస్తాను.

చిత్తూరు అయ్యవారు:

అదే రాయి! తన గూటిని తానే విప్పుకునే పురుగు నీ వసారాలో ఉండగా కాలిన గూడు ఎందుకు?

---

పలమనేరు తమ్ముడు:

ఇదే నా మొదటి పూరణ. తప్పులుంటే దిద్దండి.

గొఱ్ఱె బొచ్చు తెచ్చి కోరి వడికినాను
చలికి టోపి యల్ల మెత్తగాదు
కొన్న యూలు తోడ కూర్చితి మఱునాడు
విప్పినపుడె యల్లు విద్య వచ్చు

నిర్వాహకురాలు, తిరుపతి:

మొదటి పూరణలోనే గణాలు తప్పకుండా రావడం చిన్న విషయం కాదు. రెండో పాదంలో యతి తప్పింది. "చలికి"లోని చకారానికి "మెత్త"లోని మెకారం సరిపడదు. చ, ఛ, జ, ఝ, శ, ష, స లలో ఏదైనా అ, ఆ, ఐ, ఔ లతో రావాలి. "చలికి టోపి యల్ల సాగదయ్యె" అని చూడండి. పని సాగలేదనీ వస్తుంది, టోపీ సాగలేదనీ వస్తుంది.

తిరుచానూరు అక్క:

తమ్ముడూ, ఆ బొచ్చు ఎక్కడిది?

పలమనేరు తమ్ముడు:

మా ఊరి మందదే అక్కా. చిన్నాయన వాళ్ళ గొర్రెలు. కత్తిరించినది గోనెసంచిలో తెచ్చుకుని, కడిగి, ఆరబెట్టి, తకిలి మీద పెట్టాను. పోగు నిలబడదు. నిలబడినా ముల్లులా గుచ్చుకుంటుంది. నాకు చేతకావడం లేదేమోనని వారం రోజులు నిద్రపట్టలేదు.

తిరుచానూరు అక్క:

చేతకాకపోవడం కాదు నాయనా. మన వైపు మేసేవి ఎక్కువగా నెల్లూరు జాతి. వాటి ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుక, ఉన్ని కాదు. ఉన్ని పోగుకు పుట్టుకతోనే నొక్కులుంటాయి, పైన పొలుసులుంటాయి. వాటివల్లే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, లాగితే సాగి మళ్ళీ దగ్గరికొస్తాయి. వెంట్రుకకు ఆ గుణం లేదు. గొంగళ్ళు నేసేవాళ్ళు వాడే దక్కనీ నల్లగొర్రె ఉన్ని దొరికితే వడకవచ్చు. అయితే అది కూడా ముతకే, టోపీకి నుదురు ఒప్పుకోదు. అందుకే మెరినో గొర్రెల మెత్తని ఊలు కొనేది. నీ పద్యంలో మూడో పాదం చెప్పినట్టే చేశావు, మంచి పని చేశావు.

పలమనేరు తమ్ముడు:

అక్కా, ఈ మాట ముందే తెలిసి ఉంటే! పాదం మార్చేశాను. "చలికి టోపి యల్ల సాగదయ్యె." ఇప్పుడు ఇది నా అనుభవమే.

---

చంద్రగిరి అవ్వ:

పొయ్యి మీద పాలు పొంగిన తెలియదు
పిలుపు వినదు చెవియు, వేలు కదలు
మనసులోని చిక్కు మఱిమఱి కూర్చుండి
విప్పినపుడె యల్లు విద్య వచ్చు

రిటైరయ్యాక ఇంట్లో పగలు పొడుగైపోయింది. మనవరాలు తెచ్చిచ్చిన రెండు సూదులు, ఒక పసుపుపచ్చ నూలు ఉండ. ఎండాకాలం తిరుపతిలో, చంద్రగిరిలో ఊలు ముట్టుకోలేం, చెయ్యి చెమటకు అంటుకుంటుంది. నూలైతే చల్లగా జారుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు కూర్చుంటే, పక్కింటమ్మాయి దీపం పెట్టారా అవ్వా అని అడిగినప్పుడు తెలుస్తుంది పొద్దుపోయిందని.

చిత్తూరు అయ్యవారు:

తల్లీ, ఈ వారం పూరణల్లో నాకు ఇది ముందు నిలబడింది. అందరూ నూలు విప్పారు, మీరు మనసు విప్పారు. అల్లికలో పడి పాలు పొంగించుకున్న ఇల్లాలు పద్యంలో మొదటి మాటతోనే మా ముందుకొచ్చి కూర్చుంది. "మఱిమఱి కూర్చుండి" అన్నచోట ఆ త-గణం (రెండు గురువులు, ఒక లఘువు) మెల్లగా నడుస్తుంది, కూర్చోవడం చెవికే తెలుస్తుంది.

ఒక్క సవరణ. "వినదు చెవియు"లో "యు" పాదాన్ని నింపడానికి వచ్చిందే గానీ అర్థానికి రాలేదు. "పిలుపు పడదు చెవిని; వేలు కదలు" అంటే గణాలూ అవే, చెవిని పడడమనే మన నుడికారమూ దొరుకుతుంది.

చంద్రగిరి అవ్వ:

పడదు చెవిని. అవునండీ, నేను రోజూ మాట్లాడే మాటే అది. రాసేటప్పుడు ఎందుకు రాలేదో! మార్చుకున్నాను.

నిర్వాహకురాలు, తిరుపతి:

అవ్వా, నాదొక ప్రశ్న. నేను విప్పిన ఊలు సేమియాలా వంకర్లు పోయి ఉంది. దాన్ని అట్లాగే మళ్ళీ అల్లవచ్చా?

చంద్రగిరి అవ్వ:

వద్దమ్మా, కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకు చుట్టి చిలప చెయ్యి. నాలుగు చోట్ల వదులుగా దారంతో కట్టు, లేకపోతే చిక్కుపడుతుంది. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టు. పిండొద్దు, తువ్వాలులో పెట్టి అదుము. నీడలో వేలాడదియ్యి. ఆరేసరికి వంకర్లు పోయి మళ్ళీ సాఫీగా ఉంటుంది. తర్వాత ఉండ చుట్టుకో, గట్టిగా చుట్టకు.

నిర్వాహకురాలు, తిరుపతి:

ఇప్పుడే బాల్కనీలో వేలాడదీసి వచ్చాను. వచ్చే వారం సమస్య కూడా ఆటవెలదే, నాలుగో పాదం:

*కదురు నిలిచినపుడె కదలె పోగు*

పుత్తూరు తకిలి:

మేడమ్, తకిలి పట్టినవాళ్ళకు ఇది సమస్యే కాదు. పురి ఎక్కాక కదురు ఆపితేనే కదా పోగు కండెకు చుట్టుకునేది! రాత్రికి పూరణ పెడతాను.