పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి అంటున్నారు. ఐదేళ్ళ బాబుకి పిప్పిపళ్ళు, వైద్యం చేయించాలా?

ప్రశ్న: రాజాం అమ్మ

నమస్తే అండీ. మాది రాజాం. బాబుకి ఆగస్టులో ఐదేళ్ళు నిండాయి. కింద కుడివైపు దవడ పళ్ళు రెండూ పుచ్చిపోయాయి. చివరి పన్నులో గొయ్యి ఎంత ఉందంటే కందిపప్పు బద్ద అందులో సరిగ్గా కూర్చుంటుంది. అన్నం తిన్నాక పుక్కిలిస్తే గానీ రాదు.

నొప్పి అని వాడు ఒక్కసారి కూడా చెప్పలేదు. మొన్న జంతికలు పెట్టినప్పుడు నాకు అనుమానం వచ్చింది. మామూలుగా డబ్బా మూత తీసిన చప్పుడికే పరిగెత్తుకొచ్చి కరకరా నమిలేసేవాడు. ఈసారి ముక్క నోట్లో పెట్టుకుని, ఎడమ బుగ్గకి తోసి, నానేదాకా అలాగే ఉంచుకుని మింగాడు. అప్పటి నుంచి గమనిస్తున్నాను, అన్నం కూడా అంతే. కుడి పక్క అసలు నమలట్లేదు.

డాక్టరుకి చూపించాం. చివరి పన్నుకి నరం శుభ్రం చేసి టోపీ వెయ్యాలి, ముందుదానికి సిమెంటు నింపితే సరిపోతుంది, రెండింటికీ 6,000 అవుతుంది అన్నారు. ఇంట్లో ఒప్పుకోవట్లేదు. మా అత్తయ్య "పాలపళ్ళకి ఎవరైనా డబ్బు తగలేస్తారా? రేపో మాపో ఊడితే పేడలో పెట్టి ఇంటి మీదకి విసిరేస్తాం, కొత్తవి వస్తాయి" అంటున్నారు. సంతలో పంటి పురుగులు తీసే ఆయన దగ్గర పొగ పట్టించమని కూడా అన్నారు. మా ఆయనేమో పీకించేస్తే 300తో పోతుంది కదా అంటున్నారు. అత్తయ్య నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, వాడంటే ప్రాణం ఆవిడకి. ఆవిడకి ఏమని చెప్పాలో నాకు తెలియట్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు: అంగన్‌వాడీ టీచర్, గజపతినగరం వైపు

తల్లీ, ముందు ఆ పొగ మాట మానిపించు. గింజలు నిప్పుల మీద వేసి గొట్టంతో పొగ పట్టిస్తారు, కింద నీళ్ళ పళ్ళెంలో తెల్లగా రాలినవి చూపించి పురుగులంటారు. అవి వేడికి గింజల్లోంచి బయటపడిన మొలకలు. పంట్లో పురుగు ఉండదమ్మా. తీపి తిన్న నోట్లో సూక్ష్మక్రిములు పులుపు తయారుచేస్తాయి, ఆ పులుపు పన్నుని కరిగించేస్తుంది. అంతే.

మా సెంటర్లో 22 మంది గుంటలున్నారు. ఎవరి పళ్ళు ఎందుకు పాడయ్యాయో నాకు వాళ్ళ ఇళ్ళల్లోనే కనిపిస్తుంది. పంచదార పాలు సీసాలో పోసి, అది నోట్లో ఉండగానే నిద్రపుచ్చుతారు. నిద్రలో నోట్లో ఉమ్ము తగ్గిపోతుంది, పాలు పళ్ళ మీదే నిలబడిపోతాయి. అందుకే పై ముందుపళ్ళు చిగురు దగ్గర ముందు సున్నం గీతలాగ తెల్లబడతాయి, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత విరిగిపోతాయి. తెల్ల గీత ఉన్నప్పుడే చూపిస్తే ఇంత దాకా రాదు.

డబ్బు ఇబ్బందైతే ఒక దారుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం ఉంది, ఆ వాళ్ళు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వస్తారు. పళ్ళు కూడా చూస్తారు. పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తారు, అక్కడ డబ్బు తీసుకోరు. వాళ్ళు ఎప్పుడొస్తారో మీ ఊరి నర్సమ్మ, ఏఎన్ఎం‌ని అడుగు.

జవాబు: విజయనగరం నాన్న

చెల్లెమ్మా, మా పాప సంగతి చెప్తాను. మీ ఆయనకి కూడా చదివి వినిపించండి.

పాపకి నాలుగున్నర ఏళ్ళప్పుడు కింద ఎడమవైపు చివరి పన్ను మీద నల్లటి చుక్క కనిపించింది. తీసుకెళ్ళి చూపించాం. "పాలపన్నే, ఊడిపోతుంది, వదిలెయ్యండి" అన్నది మాకు ఇంట్లో పెద్దవాళ్ళు కాదు, ఒక డాక్టరే. నమ్మి వదిలేశాం. చల్లటి నీళ్ళు తాగితే మొహం చిట్లించేది. తర్వాత్తర్వాత అదీ మానేసింది. తగ్గిపోయిందని సంబరపడ్డాం. నరం చచ్చిపోతే నొప్పి ఆగుతుందని మాకప్పుడు తెలియదు.

ఆ ఏడు పైడితల్లమ్మ సిరిమాను పండగకి ముందు రోజు, తొలేళ్ళ రాత్రి, పాప నిద్రపోలేదు. ఊరంతా మేల్కొని ఉంది, మా ఇంట్లో మేమూ మేల్కొనే ఉన్నాం, దీని ఏడుపుతో. మా అత్తవారిది ఉద్దానం ప్రాంతంలో కవిటి. అక్కడ కిడ్నీ జబ్బులు చూసి చూసి మా మామగారికి నొప్పి మాత్ర అంటేనే హడలు. ఫోన్లో ఆయన వద్దంటూనే ఉన్నారు, మేము పారాసిటమాల్ సిరప్ పట్టించాం. జ్వరం దిగింది, మళ్ళీ ఎక్కింది. తెల్లారేసరికి దవడ కింద నిమ్మకాయంత వాపు, ముట్టుకుంటే గట్టిగా, వేడిగా ఉంది. నోట్లోకి చెంచా పట్టట్లేదు. చిన్న చెంచాతో పాలు పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోయాయి.

మంగళవారం, సిరిమాను రోజు. ఫోన్ చేసిన క్లినిక్కులన్నీ సెలవే. ఒక ఆసుపత్రిలో చూస్తామన్నారు. మూడు లాంతర్ల కూడలి వైపు బండ్లు వదలట్లేదు, ఎత్తుకుని నడిచాను. ఏటా అదే భుజం మీద కూర్చోబెట్టుకుని దానికి సిరిమాను చూపించేవాణ్ణి. జనం అరటిపళ్ళు విసురుతూ పైడితల్లమ్మకి జై కొడుతున్నారు. అది తలెత్తలేదు. నా మెడ మీద దాని ఊపిరి కాలిపోతోంది.

ఇంజక్షన్లు చేశారు, మూడో రోజుకి వాపు తగ్గింది. తర్వాత పన్ను తీసేశారు. గండం గడిచిందనుకున్నాం. తీసినచోట ఖాళీ పట్టి ఉంచే తీగ ఒకటి పెట్టాలని మాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పాపకి పదిన్నర. దాని ఆరో ఏట వెనకాల వచ్చిన పెద్ద దవడ పన్ను, ఆ ఖాళీలోకి ముందుకి జరిగిపోయింది. అక్కడ రావాల్సిన పన్ను కింద ఎముకలోనే ఉండిపోయింది. ఎక్స్‌రేలో చూపించారు, దారి మూసిన గదిలో మనిషిలాగ పక్కకి ఒరిగి ఉంది. ఇప్పుడు క్లిప్పులు పెట్టి వెనక పన్నుని మెల్లగా నెట్టాలట. రెండేళ్ళ పని. ఖర్చు మీ 6,000కి ఎన్నో రెట్లు. అది పోనివ్వండి, తరగతిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, నాకు అదే బాధ.

చిన్నాడి విషయంలో ఆగలేదు. చుక్క కనపడగానే సిమెంటు పెట్టించాం, ఇంకో పన్నుకి స్టీలు టోపీ వేయించాం. వాడు ఇంటికొచ్చిన చుట్టాలందరికీ నోరు తెరిచి "నా వెండి పన్ను చూడండి" అంటాడు. మామిడి తాండ్ర కూడా ఆ పక్కనే నములుతాడు.

జవాబు: పిల్లల దంతవైద్యురాలు, శ్రీకాకుళం

పాలపళ్ళు ఇరవై. అన్నీ ఒకేసారి ఊడవు, ఇంట్లో తేడా వస్తున్నది ఇక్కడే. ముందుపళ్ళు ఆరు, ఏడేళ్ళకి కదులుతాయి. దవడ పళ్ళు తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మీ బాబు చివరి పన్ను ఇంకా ఐదారేళ్ళు పని చెయ్యాల్సినది. రేపో మాపో అని అత్తయ్యగారు అంటున్నది ముందుపళ్ళకి సరిపోతుంది, దీనికి కాదు. ఈ ఒక్క మాట ఆవిడకి చెప్పి చూడండి, చాలామంది పెద్దవాళ్ళు నా దగ్గర ఇది వినగానే మెత్తబడ్డారు.

పాలపన్ను పైపెంకు పలచన, లోపల నరం గది పెద్దది. అందుకే పెద్దవాళ్ళకన్నా పిల్లలకి పుచ్చు త్వరగా నరం దాకా పోతుంది. వేరు కింద చీము చేరితే దాని పక్కనే తయారవుతున్న శాశ్వత పన్ను మొగ్గ దెబ్బతినొచ్చు. అలాంటి పన్ను తర్వాత మచ్చలతో, గరుకుగా, కొన్నిసార్లు పెళుసుగా వస్తుంది. చిగురు మీద గింజంత పొక్కు కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, ఆలస్యం చెయ్యకండి.

ఇంకొకటి. ఆరేళ్ళకి ఏ పన్నూ ఊడకుండానే వెనక కొత్త దవడ పన్ను వస్తుంది. పాలపన్నే అనుకుని దాన్నీ పిప్పి పట్టనిచ్చేస్తారు. అది జన్మంతా ఉండాల్సిన పన్ను. మీ బాబుకి ఇంకో ఏడాదిలో వస్తుంది, కనిపెట్టి ఉండండి.

పీకడం ఎప్పుడూ తప్పని అనను. కాపాడలేని పన్నుని తీసెయ్యాలి, ఖాళీ నిలిపే తీగ అవసరమో లేదో అప్పుడే అడగాలి. పుచ్చు పైపైనే ఉండి, పిల్లాడు కుర్చీలో కూర్చోలేకపోతే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే చుక్కమందు పూస్తాం. పుచ్చినచోటు నల్లబడుతుంది గానీ చాలావరకు అక్కడితో ఆగుతుంది, డ్రిల్లు పెట్టక్కర్లేదు. మీ డాక్టరు ఎక్స్‌రే చూసి నరం వైద్యం అన్నారంటే ఆ దశ దాటింది.

ఇంట్లో రాత్రి బ్రష్ మీరే చెయ్యండి, ఐదేళ్ళ చేతికి వెనక పళ్ళు అందవు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠానీ గింజంత చాలు. మూడేళ్ళలోపు వాళ్ళకైతే బియ్యపు గింజంత. ఉమ్మించండి, ఆ తర్వాత నీళ్ళతో పుక్కిలించనివ్వకండి. బ్రష్ అయ్యాక మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. లవంగ నూనె చిగురు మీద పొయ్యకండి, కాలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: రాజాం అమ్మ

టీచర్ గారూ, అన్నయ్యా, డాక్టర్ గారూ, దండాలు. అన్నయ్య రాసింది రాత్రి అన్నాల దగ్గర చదివి వినిపించాను. మా ఆయన కంచం దగ్గరే చెయ్యి ఆపేశారు. అత్తయ్య ఏమీ అనలేదు. పొద్దున్న వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఫోన్ లైటు వేయించి, నోరంతా తనే చూశారు. "ఎడమ పక్క కూడా ఒకటి నల్లబడతందే, అది కూడా చూపించు" అన్నారు.

బుధవారం పదింటికి రమ్మన్నారు. డాక్టర్ గారూ, ఒక్క మాట. వాణ్ణి ఖాళీ కడుపుతో తీసుకెళ్ళాలా?

జవాబు: పిల్లల దంతవైద్యురాలు, శ్రీకాకుళం

వద్దమ్మా. చిగురుకి మాత్రమే మత్తు ఇస్తారు కాబట్టి గంటన్నర ముందు ఇడ్లీయో, చోడి అంబలియో కొంచెం పట్టించండి. ఆకలితో ఉన్న పిల్లలు కుర్చీలో త్వరగా చిరాకుపడతారు. పూర్తిగా నిద్రపుచ్చి చేస్తామంటే మాత్రం ఎన్ని గంటలు ఆపాలో వాళ్ళే చెప్తారు, అది తప్పకుండా పాటించండి. ఇంజక్షన్ అనే మాట ఇంట్లో ఎత్తకండి. పని అయ్యాక రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది, తెలియక కొరుక్కుని పుండు చేసుకుంటారు. మత్తు దిగేదాకా పక్కనే కూర్చోండి, ఆ తర్వాత పెరుగన్నం పెట్టండి.