ఇల్లటమా, ఇల్లడా? జేజి క్యాసెట్‌లో ఒక్క అక్షరం

చంద్రగిరి ఆడపడుచు:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఆర్నెల్లుగా మా వంశవృక్షం గీసుకుంటున్నాను. నాలుగు తరాలు దొరికాయి, ఐదో తరం దగ్గర బండి ఆగిపోయింది. 1994లో మా చిన్నాన్న టేప్‌రికార్డర్ పెట్టి జేజితో, అంటే మా నాయనమ్మతో, పాతకథలు చెప్పించాడు. ఆ క్యాసెట్‌ను మొన్న ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. ఒకచోట జేజి అంటుంది: "మీ తాతకు తాత ధాత కరువులో ఇల్ల..." తర్వాతి అక్షరం ట నో డ నో తేలడం లేదు. దాని వెనకాలే కుక్కర్ విజిల్. విజిల్ ఆగేసరికి "...నోడు" అన్న తోక ఒక్కటే మిగిలింది. ముప్పైసార్లన్నా విని ఉంటాను. ఇది ఇల్లటమేనా, వేరే మాట ఏదైనా ఉందా?

కాణిపాకం మాష్టారు:
ఇందులో అనుమానం దేనికమ్మా! "ఇల్లటం వచ్చినోడు". ఇల్లరికం అనే మాట మనకు సినిమాల్లోంచి వచ్చింది గానీ మన ఇళ్ళలో ఉండేది ఇల్లటమే. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడుగా వచ్చి, అక్కడే సేద్యం చేసుకుని ఉండిపోయినవాడు. ఐదో తరం దొరకలేదంటే అర్థం అదే, ఆయన వేరే ఊరివాడు.

రేకుల పిచ్చోడు:
మాష్టారూ, కొంచెం ఆగండి. "ఇల్లడ" అనే మాట ఒకటుంది. న్యాసం అన్నమాట, ఒకరింట్లో దాచమని అప్పగించిన సొమ్ము. "ఇల్లడ పెట్టు" అని వాడతారు. ధాత కరువు అంటే 1876-78. తిండి పెట్టలేక పిల్లల్ని చుట్టాల ఇళ్ళలో వదిలేసిన కాలం. ఆ తాతను పసివాడుగా ఎవరింట్లోనో "ఇల్లడ పెట్టినోడు" అని ఎందుకు అనుకోకూడదు? తోక రెంటికీ సరిపోతుంది. వచ్చినోడు, పెట్టినోడు.

కాణిపాకం మాష్టారు:
కావ్యాల్లో మాట తీసుకొచ్చి చంద్రగిరి జేజి నోట్లో పెడితే ఎట్లా? నా సర్వీసులో ముప్పైరెండేళ్ళు ఏ పల్లెలోనూ ఇల్లడ వినలేదు.

రేకుల పిచ్చోడు:
సాయంత్రాన్ని మా ఊళ్ళో ఇప్పటికీ మాపు అంటారు. అదీ కావ్యాల్లో ఉంది. ఉందని మావాళ్ళు మానేశారా?

చిత్తూరు టు వేలూరు:
ఇద్దరూ ఒక్క నిమిషం. మేడం, మీ జేజి పుట్టిల్లు ఎక్కడ?

చంద్రగిరి ఆడపడుచు:
గుడియాత్తం పక్కన పల్లె సార్. పెళ్ళయ్యాకే ఇటు వచ్చింది. ఇంట్లో తెలుగే, బయట అరవం.

చిత్తూరు టు వేలూరు:
అయితే కేసు కొట్టేసినట్లే. అరవంలో ట కీ డ కీ ఒకటే అక్షరం. అచ్చుల మధ్య పడితే డ అనే పలుకుతారు. నాడు, వీడు అని పలికేవన్నీ రాసేది ఆ ఒక్క అక్షరంతోనే. ట్ట అని ఒత్తు పడితేనే ట నిలబడుతుంది. ఆ వాతావరణంలో పెరిగిన నోటికి ఇల్లటం ఇల్లడం అవుతుంది. మాష్టారిదే గెలుపు.

కాణిపాకం మాష్టారు:
నేను గెలవడానికి రాలేదు నాయనా. ఉన్నమాట చెప్పాను, అంతే. 🙂

రేకుల పిచ్చోడు:
గెలవలేదు కూడా. అదే క్యాసెట్‌లో జేజి మాట, ఆట, మూట ఎట్లా అంటుందో వినకుండా తీర్పు చెప్పేస్తారా? ఆ మాటల్లో ట నిలిస్తే ఇక్కడా నిలవాలి.

చంద్రగిరి ఆడపడుచు:
ఇప్పుడే మళ్ళీ విన్నాను. "మాట" శుభ్రంగా మాటే. "సద్దిమూట" దగ్గర మాత్రం మూడ లాగా ఉంది. అప్పటికే పళ్ళు లేవు పాపం.

పాకాల జంక్షన్:
అక్షరం మీద తర్వాత కొట్టుకోండి. నేనూ ఇదే పిచ్చిలో పన్నెండేళ్ళుగా ఉన్నాను కాబట్టి చెప్తున్నా. అమ్మా, మీరు పాత కాయితాల్లో చిత్తూరు జిల్లా అని వెతుకుతున్నారేమో. ఆ జిల్లా 1911 ఏప్రిల్ 1న పుట్టింది. అంతకుముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాడులో ఉండేది, మదనపల్లె, వాయల్పాడు కడపలో. చిత్తూరు ఊరేమో ఉత్తర ఆర్కాడుకు హెడ్‌క్వార్టర్స్. కాబట్టి ఆ పేరు మీద వెతకండి. చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో మొదలుపెట్టడం మేలు. ఊరి సెటిల్మెంట్ రిజిస్టర్, డైగ్లాట్ అంటారే, అది దొరికితే సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు పేరు ఉంటుంది. ఇల్లటం అల్లుడైతే మామ భూమి ఆయన చేతికొచ్చి ఉంటుంది. వదిలేసిన పిల్లాడికి పట్టా ఎవరిస్తారు? మీ ట, డ తేలేది అక్కడ.

ఇంకో ప్రశ్న. మీవాళ్ళు ఎవరైనా పోతే పదిరోజుల మైల ఏ ఇంటివాళ్ళతో కలిసి పట్టేవాళ్ళు? మైల కలిసినచోటే దాయాదులు. కాయితం అబద్ధం చెప్పొచ్చు, మైల చెప్పదు.

చంద్రగిరి ఆడపడుచు:
ఇది ఎప్పుడూ తట్టలేదు సార్! మైల ఊళ్ళో ఒక ఇంటితోనే. కానీ సంక్రాంతికి మా ఇంట్లో ఇద్దరు దేవరలకు పొంగలి పెడతారు. ఒకటి మా ఊరి దేవర. రెండోది గంపలో పెట్టి తూర్పుకు తిప్పి పెడతారు, ఎవరిదో ఎవరికీ తెలియదు. అడిగితే "పెడతా వచ్చినాం, పెడతాం" అంటారు.

పాకాల జంక్షన్:
ఆ రెండో గంపే మీ ఐదో తరం. పట్టుకోండి. వంశరాజులు మీ ఊరికి వచ్చేవాళ్ళేమో కూడా అడగండి. గోత్రం, ఇంటిపేరు, మూలం ఊరు వాళ్ళు పాడే వరసలో ఉంటాయి.

కాణిపాకం మాష్టారు:
ఇద్దరు దేవరలంటే ఇల్లటమే కదా! ఇంకా ఏం కావాలి? పాత మద్రాసు హైకోర్టు తీర్పుల్లో కూడా ఈ మాటను ఇంగ్లీషులోకి మార్చలేక అట్లే "ఇల్లటొం" అని రాసుకున్నారు. ఆ అల్లుడికి మామ ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఉంటుంది, పుట్టింటి వాటా కూడా పోదు. దత్తతకూ దీనికీ తేడా అక్కడే. పుట్టిన ఇంటితో తెగదు కాబట్టి దేవర కూడా వెంట వచ్చింది.

రేకుల పిచ్చోడు:
ఆరేళ్ళ పిల్లాడు కూడా అమ్మ కొంగున దేవరను తెచ్చుకోవచ్చు. ఆయన వచ్చేనాటికి వయసు ఎంత? అది ఎవరూ చెప్పరే! ఒక్క మాట ఎటు తగిలిస్తే వయసు ఎంత మారుతుందో మన తాళ్ళపాక రాగిరేకు చూడండి. "శకవర్షంబులు 1346 అగు నేటి క్రోధి సంవత్సరమందు తాళ్ళపాక అన్నమాచార్యులు అవతరించిన పదారేండ్లకు..." ఆ తర్వాత వచ్చేది స్వామి ప్రత్యక్షమైన మాట. శకం 1346 అంటే క్రీ.శ. 1424. ఆ "సంవత్సరమందు" అన్నది అవతరించడానికి తగిలితే పుట్టింది 1424. స్వామి ప్రత్యక్షం కావడానికి తగిలితే పుట్టింది 1408. పోయింది 1503. తొంభయ్యైదేళ్ళా, డెబ్బైతొమ్మిదేళ్ళా? రాగి మీద చెక్కినదానికే ఈ గతి. ఇక క్యాసెట్ ఎంత?

చిత్తూరు టు వేలూరు:
నాది 1408. వాక్యం మొత్తం సాగేది ప్రత్యక్షం వైపు. సంవత్సరం కూడా దానిదే.

కాణిపాకం మాష్టారు:
నేను ఒప్పుకోను. "సంవత్సరమందు" పక్కనే "అవతరించిన" ఉండగా దూరాన్వయం దేనికి?

రేకుల పిచ్చోడు:
మధ్యలో కర్త ఉంది మాష్టారూ. పక్కనే కాదు.

కాణిపాకం మాష్టారు:
కర్త అడ్డమా? బాగుంది. తాత సంగతి కూడా చెప్పుకోవాలి. అన్నమయ్య మనవడు చిన్నన్న తన ద్విపదలో అన్నమయ్య తాత నారాయణయ్య కథ చెప్పాడు. ఊటుకూరులో చదువు అబ్బక దెబ్బలు తిని, చింతాలమ్మ గుడిలో పుట్టలో చెయ్యి పెట్టాడు పాము కరవనీ అని. మూడో తరంలో విష్ణుభక్తుడు పుడతాడని అమ్మవారు చెప్పింది. మనవడు తన తాత కథ రాస్తూ, ఆ తాతకు తాత దాకా వెళ్ళాడు చూడండి. ఆ కాలానికి అదే వంశవృక్షం.

తిమ్మక్క అభిమాని:
ఇన్ని మెసేజుల్లో తిమ్మక్కను ఒక్కరూ తలుచుకోలేదు. సుభద్రా కళ్యాణం రాసిన అన్నమయ్య ఇల్లాలు! అడగడానికి వచ్చింది వేరే విషయం లెండి. ఇల్లటమే అనుకుందాం. అయితే ఆ ఇంట్లో వంశం నడిచింది ఎవరి మీద? ఆ ఇంటి ఆడపిల్ల మీద. ఆమె పేరేంటి?

చంద్రగిరి ఆడపడుచు:
నా చార్టులో ఆమె దగ్గర ఒక గీత ఉంది అంతే అక్కా.

తిమ్మక్క అభిమాని:
ఇల్లడ పెట్టినా అంతే. వదిలిన తల్లి పేరు ఉండదు, పెంచిన తల్లి పేరూ ఉండదు. ఇంతమంది తాతల్లో మీరెవరూ అడగలేదు.

కాణిపాకం మాష్టారు:
అది నిజమే తల్లీ. మా ఇంట్లో కూడా జేజి దాకానే తెలుసు, ఆమె తల్లి ఎవరో నాకు తెలియదు.

రేకుల పిచ్చోడు:
తిమ్మక్క గురించి వేరే పోస్టు పెడతాను. ముందు "పదారేండ్లకు" తేల్చండి.

చంద్రగిరి ఆడపడుచు:
ఆదివారం మా మేనత్త దగ్గరికి వెళ్ళి ఫోన్ చెవి దగ్గర పెట్టాను. ఎనభైనాలుగేళ్ళు. కళ్ళు మూసుకుని రెండుసార్లు విని "ఆకు" అంది. ఏం ఆకు అత్తా అంటే, "మా అమ్మ మాట్లాడేటప్పుడు ఆకూవక్కా దవడకు పెట్టుకునుంటుంది. ఆ శబ్దం వినిపిస్తోంది చూడు" అంది. ఇల్లటమా ఇల్లడా అంటే "ఆకు ఉంటే ఏదైనా అట్లే ఉంటుందిలే" అని నవ్వింది. రెండో గంప ఎవరిదో ఆమెకూ తెలియదట. కాకపోతే గంప కిందికి పరిచే పాత పంచెలో ముడివేసి ఒక రాయి ఉంటుందంట, సంక్రాంతికి చూపిస్తానంది.

చిత్తూరు టు వేలూరు:
దవడలో ఆకు ఉంటే ట పలకదు, డ అవుతుంది. నేను చెప్పిందే!

రేకుల పిచ్చోడు:
మీరు చెప్పింది అరవం. ఆకు కాదు.