ఎంఎంఆర్ వేసిన 21వ రోజున చికెన్‌పాక్స్ టీకా: లెక్కలోకి వస్తుందా?

ప్రశ్న
బాబుకి 15 నెలలు. జూన్ 10న ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) వేశారు, జూలై 1న చికెన్‌పాక్స్ టీకా. వేసినచోట అడిగితే "వారం తేడాకి ఏం కాదు" అన్నారు. కార్డు చూసిన ఇంకో డాక్టరుగారు మళ్లీ వేయించమంటున్నారు. ఆగస్టు రెండో వారంలో డల్లాస్ వెళ్తున్నాం, అక్కడ డేకేర్‌లో రికార్డు చూపించాలి. ఏది మళ్లీ వేయించాలి, ఎప్పుడు? పోలియో చుక్కలు, ఫ్లూ టీకా కూడా ఉన్నాయి. వాటికీ గ్యాప్ కావాలా?

జవాబు 1
ఎంఎంఆర్ చెల్లుతుందండీ. చెల్లనిది చికెన్‌పాక్స్ టీకాయే. ఈ రెండూ లైవ్ టీకాలు, అంటే బతికున్న వైరస్‌తో చేసినవి. ఇంజెక్షన్‌గా ఇచ్చే లైవ్ టీకాలు రెండూ ఒకే రోజు ఇవ్వొచ్చు, చోటు మార్చి. ఆ రోజు కుదరకపోతే కనీసం 28 రోజులు ఆగాలి. ఈలోపు వేస్తే రెండోదాన్ని లెక్కపెట్టరు.

లైవ్ టీకా పనిచేయాలంటే అందులోని బలహీనపరిచిన వైరస్ ఒంట్లో కొంత పెరగాలి. మొదటిది పెరుగుతున్నప్పుడు ఒంట్లో ఇంటర్‌ఫెరాన్ అనే వైరస్‌ని అడ్డుకునే పదార్థం తయారవుతుంది, అది వెనక వచ్చిన వైరస్‌ని కూడా ఎదగనివ్వదు. ఒకే రోజు ఇస్తే ఆ అడ్డు లేవకముందే రెండూ మొదలైపోతాయి. 2001లో అమెరికాలో వెలువడిన పరిశీలనలో, ఎంఎంఆర్ తర్వాత 30 రోజుల్లోపు చికెన్‌పాక్స్ టీకా పడిన పిల్లల్లో, టీకా వేసినా జబ్బు రావడం దాదాపు రెండున్నర రెట్లు కనిపించింది. కాబట్టి "ఏం కాదు" అన్నమాట సగమే నిజం. బాబుకి హాని లేదు, రక్షణ మాత్రం నమ్మలేం.

మళ్లీ వేయించే తేదీని జూన్ 10 నుంచి లెక్కపెట్టకండి. చెల్లని డోసు నుంచి 28 రోజులు, అంటే జూలై 29 లేదా ఆ తర్వాత. ఒకే టీకా డోసుల మధ్య ఇచ్చే 4 రోజుల సడలింపు (4 రోజులు ముందుగా వేసినా ఒప్పుకోవడం) రెండు వేర్వేరు లైవ్ టీకాల మధ్య వర్తించదు.

పోలియో చుక్కలు, రోటావైరస్ నోటితో ఇచ్చేవి, వాటికి గ్యాప్ అక్కర్లేదు. ఫ్లూ ఇంజెక్షన్ లైవ్ కాదు, దానికీ గ్యాప్ అక్కర్లేదు. ముక్కులో కొట్టే ఫ్లూ టీకా లైవే, కానీ అది రెండేళ్లు నిండాకే.

జవాబు 2
డల్లాస్ సంగతి. మొదటి పుట్టినరోజుకి ముందు వేసిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) గానీ ఎంఎంఆర్ గానీ అక్కడ లెక్కలోకి తీసుకోరు (4 రోజుల సడలింపు తప్ప). బాబుకి 9 నెలలకి డోసు వేయించి ఉంటే అది పోతుంది, జూన్ 10దే మొదటి డోసు అవుతుంది. రెండోది అక్కడ మామూలుగా 4–6 ఏళ్ల మధ్య.

రికార్డులో తేదీలు జాగ్రత్త. 10/06 అని రాస్తే అక్కడివాళ్లు అక్టోబర్ 6 అని చదువుతారు, టీకా ఇంకా వేయలేదనుకుంటారు. నెల పేరు అక్షరాల్లో రాయించండి. చెల్లని డోసుని కొట్టేయొద్దు, రెండు తేదీలూ ఉండనివ్వండి.

మరో పాఠకురాలు
16 నెలలకి ఆశా కార్యకర్త ఎంఆర్, జేఈ (మెదడువాపు టీకా) అంటారు కదా, వాటికీ ఇదే లెక్కా? మా పాపకి కుక్క కరిచి ఇమ్యూనోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా ఇచ్చారు.

జవాబు 3
ఎంఆర్ లైవ్. జేఈలో మాత్రం రెండు రకాలున్నాయి: ఎస్ఏ 14-14-2 లైవ్, జెన్‌వాక్ చంపిన వైరస్‌తో చేసినది. వయల్ మీద పేరు చూసి కార్డులో రాయించండి. లైవ్ రకమైతే ఎంఆర్‌తో పాటే అదే రోజు, ఎంఆర్ కుడి చేతికి, జేఈ ఎడమ చేతికి. చర్మం కింద, ఒక్కోటి 0.5 మి.లీ.

కుక్కకాటు వేరే లెక్క. రేబిస్ టీకా లైవ్ కాదు, దాంతో ఇబ్బంది లేదు. గాయంలో వేసిన ఇమ్యూనోగ్లోబ్యులిన్‌లో తట్టుకీ, చికెన్‌పాక్స్‌కీ యాంటీబాడీలుంటాయి, అవి టీకా వైరస్‌ని ముందే పట్టేస్తాయి. మనిషి రక్తం నుంచి చేసిన రకమైతే తట్టు, చికెన్‌పాక్స్ టీకాలకి 4 నెలలు ఆగాలి. రక్తం (ప్యాక్డ్ సెల్స్) ఎక్కిస్తే 6 నెలలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లకి 7. కవాసాకి జబ్బుకి (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) కిలోకి 2 గ్రాముల ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే ఇమ్యూనోగ్లోబ్యులిన్) ఇస్తే 11 నెలలు. ఎంఎంఆర్ వేసి 14 రోజులు గడవకముందే ఇవి ఇవ్వాల్సి వస్తే గడువు ముగిశాక ఎంఎంఆర్ మళ్లీ వేయించాలి.

వేసేటప్పుడు స్పిరిట్ పూర్తిగా ఆరాకే సూది గుచ్చాలి, తడి స్పిరిట్ వైరస్‌ని చంపేయగలదు. టీకా పొడిని దానితో వచ్చిన నీటితోనే కలపాలి. ప్రభుత్వ కేంద్రాల్లో కలిపిన ఎంఆర్ వయల్‌కి 4 గంటలే గడువు. వయల్ మీద కలిపిన టైము రాశారో లేదో చూడమని అడగడానికి మొహమాటపడకండి.