గుడారం దగ్గర చిన్న ఉపకరణాలకు కారు నుంచి కరెంటు: పెద్ద ఇన్వర్టర్ కొంటే సరిపోతుందా?

ప్రశ్న (బాటసారి)

వచ్చే నెలలో మేము నలుగురం అడవి అంచున గుడారం వేసుకుని రెండు రాత్రులు గడపాలనుకుంటున్నాము. అక్కడ కరెంటు ఉండదు. మా డీజిల్ కారులో 60 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉంది. ఒక ఎల్‌ఈడీ దీపం, రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక చిన్న ఫ్యాను, నాన్నగారు నిద్రలో ఊపిరి ఆగకుండా వాడే సీపాప్ యంత్రం (మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపేది), వీలైతే 1000 వాట్ల కెటిల్, ఇవన్నీ నడిస్తే బాగుంటుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించి, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే 150 వాట్ల ఇన్వర్టర్ నా దగ్గర ఉంది. కిందటిసారి దానికి 40 వాట్ల టేబుల్ ఫ్యాను తగిలించి పడుకుంటే, తెల్లవారేసరికి బండి సెల్ఫ్ అందుకోలేదు. తాళం తిప్పితే టిక్కుటిక్కుమనడం తప్ప ఇంజను కదలలేదు. బ్యాటరీ దిగిపోతే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుందని పెట్టె మీద రాసి ఉంది. మరి అది ఎందుకు కాపాడలేదు? ఇంకా పెద్దది కొనమంటారా?

సమాధానం (కొండగాలి)

కుళాయి పెద్దది బిగించినంత మాత్రాన తొట్టిలో నీళ్లు పెరగవు కదండీ. ఇన్వర్టర్ కుళాయి వంటిదే. మీ తొట్టి ఎంతదో ముందు చూద్దాం. 60 ఆంపియర్-గంటలను 12 వోల్టులతో గుణిస్తే 720 వాట్-గంటలు. అయితే కారు బ్యాటరీలోని పలుచని సీసపు పలకలు స్టార్టర్‌కు కొన్ని క్షణాల పాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికి చేసినవే గాని, రాత్రంతా నెమ్మదిగా ఖాళీ కావడానికి చేసినవి కావు. సగానికి మించి దించితే పొద్దున బండి కదలకపోవచ్చు. పదే పదే అలా దిగితే బ్యాటరీయే పాడవుతుంది.

మీ ఫ్యాను ఎనిమిది గంటలకు 320 వాట్-గంటలు తింటుంది. ఇన్వర్టర్ మార్పిడిలో పోయే సుమారు 15 శాతం కలిపితే 375 దాటుతుంది. అంటే కొత్త బ్యాటరీకైనా సగం ఖాళీ; రెండు మూడేళ్లు వాడినదైతే ఇక చెప్పనక్కరలేదు. ఇన్వర్టర్ ఎందుకు కాపాడలేదంటే, ఈ రకం వాటిలో చాలా మటుకు 10.5 వోల్టుల దగ్గర గాని ఆగవు. నిండుగా ఉన్న సీసపు బ్యాటరీ, లోడు లేనప్పుడు, 12.6 లేదా 12.7 వోల్టులు చూపుతుంది, 12.2 దగ్గర సగం. 12కు దిగువన దాదాపు ఖాళీ. కాబట్టి 10.5 దగ్గర ఆగే యంత్రం తనను తాను కాపాడుకుంటుందే గాని మీ బండిని కాదు. చిన్న మల్టీమీటరు వెంట ఉంచుకుని, పడుకునే ముందు ఒకసారి అన్నీ ఆపి వోల్టేజి చూసుకోండి.

సమాధానం (నిప్పురవ్వ)

కెటిల్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు చేసి ఫ్యూజు కాల్చుకున్నవాడిని. 1000 వాట్ల కెటిల్‌ను ఇన్వర్టర్ మీద నడిపితే బ్యాటరీ నుంచి సుమారు 95 ఆంపియర్లు లాగుతుంది. లైటర్ సాకెట్ ఫ్యూజు ఎక్కువ బళ్లలో 10 నుంచి 20 ఆంపియర్లే. మీ 150 వాట్ల ఇన్వర్టర్‌ను పూర్తి లోడుతో నడిపినా దాదాపు 15 ఆంపియర్లు పోతాయి. సాకెట్ పట్టు వదులైతే ఫ్యూజు పోకముందే ప్లగ్గు కొసన ప్లాస్టిక్ మెత్తబడుతుంది. నా ప్లగ్గును బయటికి లాగినప్పుడు స్ప్రింగు చుట్టూ గోధుమరంగు వలయం, కమురు వాసన కనిపించాయి. పావుగంట నడిచాక ప్లగ్గును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, వేలు నిలవకపోతే లోడు తగ్గించాలి.

12 వోల్టుల కెటిళ్లు దొరుకుతాయి గాని, 25 డిగ్రీల లీటరు నీటిని మరిగించడానికి 87 వాట్-గంటలు కావాలి. 120 వాట్లతో, వేడి ఏమాత్రం పోదనుకున్నా, 44 నిమిషాలు. నీళ్లు కాచే పని చిన్న గ్యాస్ పొయ్యికి వదిలేయండి.

సమాధానం (ఏటిగట్టు)

ఇంత లెక్క ఎందుకండీ? నేను రెండు గంటలకొకసారి పది నిమిషాలు ఇంజను నడిపి బ్యాటరీ నింపుకుంటాను.

సమాధానం (కొండగాలి)

ఏటిగట్టు గారూ, ఆ పది నిమిషాల్లో ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని నింపే యంత్రం) 30 ఆంపియర్లు ఇచ్చినా వచ్చేది ఐదు ఆంపియర్-గంటలే. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది గనుక చాలా బళ్లలో అంత కూడా రాదు. అంతకంటే పెద్ద ఇబ్బంది పొగగొట్టంతో. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. గుడారం పక్కన ఆగి ఉన్న బండి నుంచి అది లోపలికి చేరితే నిద్రలో ఉన్నవారికి తెలియదు. పైగా వేడెక్కిన పొగగొట్టం కింద ఎండుగడ్డి అంటుకోవచ్చు.

బాటసారి గారికి నా సలహా, స్టార్టర్ బ్యాటరీని అసలు ముట్టుకోకుండా విడిగా ఒక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకోవడమే. 100 ఆంపియర్-గంటలదైతే 12.8 వోల్టుల చొప్పున 1280 వాట్-గంటలు. దాన్ని తిన్నగా ఆల్టర్నేటర్‌కు కలపవద్దు. లిథియం బ్యాటరీ కరెంటును గట్టిగా లాగి ఆల్టర్నేటర్‌ను వేడెక్కిస్తుంది. మధ్యలో ఆ కరెంటును హద్దులో ఉంచే డీసీ-డీసీ ఛార్జరు ఉండాలి. 20 ఆంపియర్ల ఛార్జరుతో రెండు గంటల ప్రయాణానికి సుమారు 40 ఆంపియర్-గంటలు ఎక్కుతాయి. ఏ బ్యాటరీ నుంచి తీగ లాగినా ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. అవతలి కొసన పెడితే మధ్యలో తీగ ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు దాన్ని ఆపేవారు ఉండరు.

సమాధానం (నెలవంక)

మా అమ్మగారు సీపాప్ వాడతారు, కాబట్టి ఆ ఒక్కటే చెబుతాను. వేడి తేమనిచ్చే హ్యుమిడిఫయర్, వేడి గొట్టం ఆపితే మా యంత్రం గంటకు సుమారు 30 వాట్-గంటలతో నడుస్తుంది; అవి ఉంటే రెట్టింపు దాటుతుంది. ఆపవచ్చో లేదో ముందుగా వైద్యుణ్ని అడగండి. ఇన్వర్టర్ ద్వారా కాకుండా, తయారీదారు ఆ మోడల్‌కు ఇచ్చే డీసీ కేబుల్‌తో నడిపితే రెండుసార్లు మార్పిడిలో పోయే నష్టం తప్పుతుంది. కొన్ని యంత్రాలకు 24 వోల్టులు కావాలి గనుక కేబుల్‌లోనే కన్వర్టరు ఉంటుంది. ఇన్వర్టరే వాడవలసి వస్తే ప్యూర్ సైన్ వేవ్‌ది, అంటే ఇంటి కరెంటులా నునుపైన అల ఇచ్చేది, ఎంచుకోండి. మెట్లు మెట్లుగా ఉండే అల ఇచ్చే చౌక మాడిఫైడ్ సైన్ వేవ్ మీద కొన్ని అడాప్టర్లు జుమ్మని మోగుతూ వేడెక్కుతాయి. బయలుదేరే ముందు ఇంట్లోనే ఒక పూర్తి రాత్రి ఆ బ్యాటరీ మీద నడిపి చూడండి.

బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. కెటిల్‌ను జాబితా నుంచి తీసేశాను. టేబుల్ ఫ్యానుకు బదులు 15 వాట్ల 12 వోల్టుల ఫ్యాను ఎనిమిది గంటలకు 120, సీపాప్ 240, ల్యాప్‌టాప్ ఒక ఛార్జికి 60, ఫోన్లు 30, దీపం 25. మొత్తం రాత్రికి 475 వాట్-గంటలు, రెండు రాత్రులకు 950. హ్యుమిడిఫయర్ ఆపవచ్చని నాన్నగారి వైద్యుడు చెప్పారు. 100 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీ ఆర్డర్ చేశాను. ఈలోగా కారులోని పాత బ్యాటరీని రాత్రంతా కదలకుండా ఉంచి పొద్దున కొలిస్తే 12.3 వోల్టులు మాత్రమే చూపింది; ఏ లోడూ లేకుండానే అంత తక్కువ ఉందంటే, ముందు దాన్ని నిండా ఛార్జి చేసి మళ్లీ కొలవాలి; అప్పటికీ ఇంతే చూపితే మార్చాలి.